మేడమ్ కోసం కుట్టిన గ్రాఫులు

తిరుపతిలో నా మగ్గం గది ఒక మందుల దుకాణం పైన ఉంది. నలుగురు కూర్చుని కుట్టేంత చోటు, రెండు కిటికీలు, గోడవారగా చుట్టి నిలబెట్టిన పట్టుగుడ్డలు. పెళ్ళిళ్ళ బ్లౌజులు నెత్తిమీద ఉన్న రోజుల్లో ఒక అమ్మాయి మెట్లెక్కి వచ్చింది. చేతిలో బ్లౌజు గుడ్డ లేదు. కంప్యూటరులోంచి తీసిన కాగితం ఒకటి ఉంది. దానిమీద అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత, మధ్యలో కొన్ని చుక్కలు, ఆ చుక్కల మీదుగా వంపు తిరుగుతూ పోయిన మరో గీత.

“అక్కా, దీన్ని గుడ్డమీద కుట్టి ఇస్తారా? పూసలతో అయినా సరే, దారంతో అయినా సరే. తాకితే తెలియాల,” అంది.

నేను బీఎస్సీ చదివినదాన్ని. ఫిజిక్సు ల్యాబులో ఇలాంటి కాగితాలు చాలానే నింపాను. అది గ్రాఫు అని చూడగానే తెలిసింది గానీ, గ్రాఫును ఎవరైనా బ్లౌజు మీద కుట్టించుకుంటారా అని అనుమానం వచ్చి ఆ మాటే అడిగాను.

“బ్లౌజుకు కాదక్కా. మా మేడమ్‌కు. ఆమెకు కండ్లు కనపడవు. మేము కండ్లతో సూసేది ఆమె వేళ్ళతో సూడాల.”

ఆ అమ్మాయిది నాయుడుపేట. యూనివర్సిటీలో ఆ మేడమ్ దగ్గరే పీహెచ్‌డీ చేస్తోంది. మేడమ్‌ను కలవకుండా ఒప్పుకోనన్నాను. ఎవరి చేతికి కుడుతున్నానో ఆ చేతిని చూడాలి కదా.

మరునాడు మధ్యాహ్నం యూనివర్సిటీకి వెళ్ళాను. మేడమ్‌కు నలభై దాటి ఉంటాయి. నూలు చీర, బిగించి వేసుకున్న ముడి, మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ. పులికాట్ ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టిన మనిషి. కంటి వెనక పొర మెల్లమెల్లగా ఎండిపోయే జబ్బు ఆమెది. చదువుకునే రోజుల్లో పక్కలు మసకబారాయట, ఉద్యోగంలో చేరాక మధ్యలోకీ వచ్చేసిందట. నేను చూసేనాటికి వెలుతురు ఏ వైపు ఉందో మాత్రమే తెలుస్తుండేది. ఆమె బల్లమీద కంప్యూటరు ఏదో వ్యాసాన్ని గొంతుతో చదువుతోంది. ఎంత వేగంగా అంటే, అది ఇంగ్లీషు అని పోల్చుకోవడానికే నాకు కాసేపు పట్టింది. ఆమె మాత్రం తల ఊపుతూ వింటున్నారు.

“రామ్మా, కూర్చో. సమీకరణాలు ఇది సదివేస్తాది, నాకు ఏం ఇబ్బంది లేదు. బొమ్మలే రావు,” అన్నారు కంప్యూటరు ఆపి. పక్కన కూర్చున్న నాయుడుపేట అమ్మాయి భుజం తట్టారు. “మా పాప చెప్తాది. గీత పడిపోయి మళ్ళా లేస్తాండాది మేడమ్ అంటాది. ఎంత పడింది, యాడ లేచింది, నిదానంగా లేచిందా ఒకేసారి లేచిందా అనేది మాటల్లో రాదు. పాప తప్పు కాదు. మాటలకు అంత కొలత లేదు.”

గీతలు ఉబ్బెత్తుగా వచ్చే కాగితాలు పైదేశంలో దొరుకుతాయట. ఎవరో కొన్ని తెచ్చి ఇచ్చారు గానీ చుక్కా గీతా అన్నీ ఒకే మాదిరి తగులుతున్నాయన్నారు. మగ్గం సంగతి ఆమెకు ఒక పెళ్ళిలో తట్టింది. తోటి లెక్చరర్ కూతురిని దీవిస్తూ చేయి పట్టుకుంటే, బ్లౌజు చేతిమీది పనంతా వేళ్ళకు తగిలింది. తీగ ఎటు పోతోంది, పూసలు యాడ మొదలైనాయి, అద్దం యాడ ఉంది, అన్నీ తెలిసిపోయాయట. పెళ్ళికూతురు చేయి వదలకుండా అట్లే నిలబడిపోయారట. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కున్నారని నవ్వుతూ చెప్పారు.

మొదటి గుడ్డ నేను బాగా చేశాననుకున్నాను. క్రీమ్ రంగు పట్టుమీద బంగారు జర్దోసితో వంపు గీత, చుక్కలకు ముత్యాలు, అంచుకు అలవాటు కొద్దీ చిన్న తీగ కూడా కుట్టాను. మేడమ్ రెండు చేతులా దాన్ని తడిమి, తడిమి, చివరికి అడిగారు.

“ఈ అంచు ఏందిమ్మా? ఇది కూడా కొలిచినదేనా?”

“కాదు మేడమ్. అందానికి.”

“అందం వద్దమ్మా. నేను దాన్ని కూడా నమ్ముతాను.”

ఆ మాట తర్వాత ఇద్దరం కూర్చుని ఒక పద్ధతి పెట్టుకున్నాం. పట్టు జారుతుంది కాబట్టి ముతక నూలుగుడ్డ. ప్రయోగంలో కొలిచిన విలువకు ముత్యం. ఆ కొలతలో ఎంత అటూ ఇటూ ఉండవచ్చో చెప్పడానికి ముత్యం కిందికీ పైకీ నిలువు కుట్టు. మేడమ్ వాళ్ళ లెక్క చెప్పే గీతకు గొలుసు కుట్టు. వేరేవాళ్ళ లెక్కకు విడివిడి ముడులు. గుడ్డ వెనక ఒక్క ముడి కూడా పైకి తగలకూడదు. అది నేను పెట్టుకున్న నియమం. కళ్ళు మూసుకుని నా గుడ్డను నేనే చదివి చూసుకోవడం ఆమె నేర్పారు. పదేళ్ళకు పైగా ఈ పని చేస్తూ, నా పనిని నేను ఒక్కసారి కూడా అట్లా తాకి చూడలేదని అప్పుడు తెలిసింది.

రెండు మూడు గుడ్డలు అయ్యాక ఉండబట్టలేక అడిగాను.

“మేడమ్, నేను కుట్టేది ఏందో నాకు తెలీకుంటే చేతికి పట్టు రావడం లేదు. కొంచెం చెప్తారా?”

ఆమె టీ గ్లాసు బల్లమీద పెట్టారు. ఎక్కడ పెట్టారో వేలితో ఒకసారి చూసుకున్నారు. “పాలు ఎంత వేడెక్కినాయో ఎట్ల సూస్తావ్ నువ్వు?”

“వేలు పెట్టి.”

“వేలు పెట్టడానికి టైము ఉండాల గదా. మాకు అది ల్యా.”

తర్వాత చాలాసేపు చెప్పారు. నాకు అర్థమైనంత రాస్తాను. పైదేశంలో భూమి కింద ఒక పెద్ద యంత్రం ఉంది. దాంట్లో సీసం పరమాణువుల నడిమి గింజలను, అంటే కేంద్రకాలను, దాదాపు కాంతి వేగంతో ఎదురెదురుగా పంపి ఢీకొట్టిస్తారు. ఆ దెబ్బకు లోపలి ప్రోటాన్లు, న్యూట్రాన్లు కరిగి, వాటిలో దాగిన క్వార్కులూ, వాటిని అంటించి ఉంచే గ్లూవాన్లూ కలిసి ఒక వేడి పదార్థం అవుతుంది. సూర్యుడి నడిమధ్య కన్నా లక్ష రెట్లకు పైగా వేడి. ఈ లోకం పుట్టిన కొత్తలో అంతా ఇదే ఉండేదట. కానీ అది ఉంది అని అనుకునేలోపే చల్లారి చెదిరిపోతుంది. దాంట్లోకి బయటినుంచి ఏదీ దూర్చి చూడలేరు.

“అందుకని, దాంట్లోనే పుట్టి, దాంట్లోనే నడిచి, బయటికి వచ్చేదాన్ని పట్టుకుంటాం,” అన్నారు. “బరువైన క్వార్కు ఒకటి ఉండాది. చార్మ్ అంటారు. బరువు గదా, తర్వాత పుట్టే వీలు ల్యా. ఢీకొన్న మొదటి క్షణంలోనే పుట్టాల. అంటే మొదటినుంచి చివరిదాకా అంతా సూసిన సాక్షి అది. ఏం పోగొట్టుకోని వచ్చింది, ఎటు నెట్టించుకోని వచ్చింది అని దాన్ని అడిగితే, లోపల ఏముండిందో చెప్తాది.”

“మా ఊరి పశువుల పండగ మాదిరి,” అన్నాను.

నాది చంద్రగిరి పక్క పల్లె. మేడమ్‌కు పశువుల పండగ తెలియదు. చెప్పాను. ఎద్దుల కొమ్ములకు చెక్క పలకలు కట్టి, రెండు పక్కలా జనం నిండిన వీధిలోకి వదులుతారు. కుర్రవాళ్ళు మీదపడి పలకలు లాక్కుంటారు. వీధి చివర మిద్దెమీద నిలబడి చూసేవాళ్ళకు లోపలి తోపులాట కనపడదు. బయటికి వచ్చిన ఎద్దుకు పలక మిగిలిందా, రొప్పుతోందా, ఏ పక్కకు తిరిగి వచ్చింది అన్నది చూసి, ఈసారి జనం గట్టిగా ఉన్నారప్పా అనుకుంటారు.

నాయుడుపేట అమ్మాయి పకపకా నవ్వింది. మేడమ్ నవ్వలేదు. “పలక మిగిలిందా అనేది నువ్వు కుట్టిన మొదటి గ్రాఫు. ఎటు పక్కనుంచి వచ్చింది అనేది రెండోది,” అన్నారు. రెండు కేంద్రకాలు సరిగ్గా ఎదురెదురుగా కాక కొంచెం పక్కకు జరిగి ఢీకొంటే, మధ్యలో ఆ వేడి పదార్థం మామిడి టెంక ఆకారంలో ఉంటుందట. టెంక సన్నంగా ఉన్న వైపు కణాలు ఎక్కువ బయటికి తోసుకు వస్తాయట. ఎంత ఎక్కువ అన్నదే రెండో గ్రాఫు.

“ఈ రెండు గ్రాఫులకూ ఒకే లెక్క సరిపోవాలమ్మా. ఒకదానికి సరిపోయింది రెండోదానికి చాలకుండా పోతాది. లోకంలో శానామంది దీనిమీదే కుస్తీ పడతాండారు. మేము కూడా.”

వాళ్ళు ముగ్గురు. మేడమ్, ఈ అమ్మాయి, ఉత్తరాదిన ఒక నగరంలో ఉన్న పెద్ద ప్రొఫెసర్. అప్పటికి వాళ్ళ కొత్త లెక్క రెండు గ్రాఫులకూ బాగానే సరిపోతోందని ముగ్గురూ సంతోషంగా ఉన్నారు. వ్యాసం రాయడం సగమైంది. అప్పుడు మేడమ్ నాకొక పని చెప్పారు. రెండు గ్రాఫులనూ ఒకే వెడల్పులో, అడ్డగీత మీది గుర్తులన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చేటట్టు కుట్టమన్నారు. ఎందుకని అడగలేదు.

గుడ్డలు తీసుకుపోయిన రోజు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆమె రెండింటినీ బల్లమీద ఒకదాని కింద ఒకటి పరిపించారు. ఎడమచేతి వేళ్ళు ఒకదానిమీద, కుడిచేతి వేళ్ళు రెండోదానిమీద పెట్టి, రెండు చేతులనూ ఒకే వేగంతో కుడివైపు నడిపించారు. వీణ వాయించేవాళ్ళను చూసినట్టు ఆ చేతులనే చూస్తూ ఉండిపోయాను. కొంతదూరం పోయి ఆగారు. వెనక్కి వచ్చారు. మళ్ళీ పోయారు. సరిగ్గా అక్కడే ఆగారు.

“ఈడ ఏముండాది? రెండింట్లోనూ ఉండాది.”

వంగి చూశాను. గొలుసు కుట్టులో ఒక చిన్న మిట్ట. చూస్తే కనపడనంత చిన్నది. వేలు పెడితే మాత్రం గడప తగిలినట్టు తగిలింది.

“కుట్టు జారిందేమో సూడమ్మా,” అన్నారు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. గుడ్డ తిప్పి చూశాను. కింద ముడి లేదు. అంకెలు రాసిచ్చిన కాగితంతో పోల్చి దారం లెక్కపెట్టాను. అంకెలు ఎక్కడ కుట్టమన్నాయో అక్కడే కుట్టాను. ఆ మాట చెప్పాను.

నాయుడుపేట అమ్మాయి కంప్యూటరులో బొమ్మ తెరిచింది. తెరమీద గీత లావుగా, నున్నగా ఉంది. ఆ చోట దానిమీదే కొలత చుక్క ఒకటి కూర్చుని ఉంది. ప్రొఫెసర్‌కు ఫోను చేశారు. ఆయన మర్యాదగానే, చేతిపని కదా, అంత తేడా రావచ్చు, తొందరపడవద్దు అన్నాడు. నా ముఖం కొంచెం చిన్నబోయింది. అయినా ఆయన అన్నది తప్పేమీ కాదు. మేడమ్ ఆయనతో వాదించలేదు. ఫోను పెట్టేసి నావైపు తిరిగారు.

“ఆ ఒక్క చోటు మాత్రం పెద్దది చేసి కుట్టిస్తావా? చాప మాదిరి పెద్దది.”

పెళ్ళి బ్లౌజు ఒకటి పక్కన పెట్టి అదే కుట్టాను. మా గదిలో పనిచేసే ఆడవాళ్ళు ఇది ఎవరి బ్లౌజని నన్ను ఆటపట్టించారు. పెద్దది చేస్తే మిట్ట పోలేదు. ఇంకా స్పష్టంగా తేలింది. మేడమ్ దానిమీద అరచేయి పరిచి, కళ్ళు మూసుకున్నారు. ఆమెకు కళ్ళు తెరిచినా మూసినా ఒకటే కదా అని బయటివాళ్ళు అనుకుంటారు. నేను చాలాసార్లు గమనించాను, ఆమె గట్టిగా ఆలోచించేటప్పుడు మూసుకుంటారు.

“ఇది నిజమైతే,” అని ఆగిపోయారు. అమ్మాయి కుర్చీలో ముందుకు జరిగింది. ఆ రోజు వాళ్ళిద్దరి మధ్య ఏదో కొత్త సంగతి దొరికిందేమోనన్న ఆశ ఉండింది. అయినా మేడమ్ అన్న తర్వాతి మాట ఇది.

“ముందు మన తప్పు వెతుకు పాపా. దొరక్కపోతే అప్పుడు సంతోషపడదాం.”

తప్పు దొరికింది. క్వార్కు నెమ్మదిగా పోయేటప్పటి లెక్క ఒకటి, వేగంగా పోయేటప్పటి లెక్క ఇంకొకటి చేసి, రెండింటినీ మధ్యలో అతికించారట. ఆ అతుకు దగ్గర రెండంచులూ సరిగ్గా కలవలేదు. నా భాషలో చెప్పాలంటే భుజం కుట్టు దగ్గర గుడ్డ ముడతపడింది. అమ్మాయి అతుకు విప్పి సరిచేసి లెక్క మొదటినుంచి మళ్ళీ నడిపింది. మిట్ట పోయింది. దాంతోపాటు ఇంకొకటి కూడా పోయింది. రెండు గ్రాఫులకూ సరిపోతున్న లెక్క, ఇప్పుడు మొదటిదానికి సరిపోయి రెండోదానికి చాలలేదు.

అమ్మాయి ఏడ్చింది. మూడేళ్ళ పని మరి. ప్రొఫెసర్ ఆ సాయంత్రమే ఫోను చేసి, తను ముందు అన్న మాటకు మేడమ్‌కు క్షమాపణ చెప్పి, ఆ కుట్టే ఆమెకు కూడా చెప్పండి అన్నాడట. పెద్దమనిషి.

నాలుగు రోజుల తర్వాత నేను కొత్త గుడ్డలు తీసుకుని వెళ్ళేసరికి మేడమ్ అన్నం డబ్బా ముందు పెట్టుకుని తింటున్నారు. మొహం వాడలేదు. నాకే ఓదార్చాలనిపించి, “బాధగా ఉందా మేడమ్?” అన్నాను.

“ఒక దినం ఉండింది. కొత్త సంగతి అయ్యుంటే బాగుండు అనుకున్యా గదా.” ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి చెప్పారు. “సరిపోయినప్పుడు, ఎందుకు సరిపోయిందో తెలీకుండా సరిపోయింది. ఇప్పుడు సరిపోలేదు. కానీ ఈ తేడా మా అతుకుది కాదు, ఆ పదార్థానిది. అది నాతో నిజం చెప్తాండాది. అంతకన్నా ఏం కావాలమ్మా?”

తర్వాత చేయి కడుక్కుని వచ్చి కొత్త గుడ్డలమీద వేళ్ళు పెట్టారు. రెండో గ్రాఫులో గొలుసు కుట్టు ముత్యాలకు ఎంత కిందుగా పోతోందో చూపుడువేలికీ బొటనవేలికీ మధ్య కొలుచుకుంటూ, ఆ దూరాన్ని ఇష్టంగా తడుముతూ కూర్చున్నారు. నేను చదువుకున్న రోజుల్లో గ్రాఫు సరిగ్గా రాకపోతే ఒక చుక్కను కొంచెం పక్కకు జరిపినవాళ్ళను చూశాను. చూసిన మాస్టర్లు కూడా ఊరుకున్నారు. ఇట్లాంటి మనిషిని చూడటం నాకు అదే మొదటిసారి.

వ్యాసాన్ని ఉన్నది ఉన్నట్టే రాశారు. ఏది సరిపోయింది, ఏది సరిపోలేదు, సరిపోనిది ఎందుకు ముఖ్యం అని. అది అచ్చైంది. ఆ చలికాలం తిరుపతిలోనే ఒక సభ జరిగింది, చాలా ఊర్ల నుంచి ఈ పని చేసేవాళ్ళు వచ్చారు. మేడమ్ నన్నూ రమ్మన్నారు. హాలు వెనక వరసలో కూర్చున్నాను. ఆమె వేదికమీద నిలబడ్డారు. తెర మీద బొమ్మలు అమ్మాయి మారుస్తోంది, ఆమె ముందున్న బల్లమీద నా గుడ్డలు. చిన్నవి మరికొన్ని ముందుగానే కుట్టించి వరసల్లో పంచిపెట్టారు. “ఒకసారి తెర చూడటం ఆపి వీటిని తాకండి,” అన్నారు. అంతమంది పెద్దవాళ్ళు బుద్ధిగా కళ్ళు మూసుకుని పూసలు తడిమారు. నా పక్కనున్న తలనెరిసినాయన గుడ్డను మోకాళ్ళమీద పరుచుకుని, వేలు ఒకచోట ఆపి, తల ఊపి, మళ్ళీ మొదటినుంచి తడిమాడు. అందరికంటే కష్టమైన ప్రశ్న చివర్లో ఆయనే అడిగాడు. నాకు ప్రశ్న అర్థం కాలేదు. మేడమ్ కుడిచేయి గుడ్డమీద ఒకచోటికి పోయి ఆగడం, అక్కడే ఉండి ఆమె నింపాదిగా జవాబు చెప్పడం మాత్రం చూశాను. ఆయన కూర్చుని రాసుకున్నాడు.

ఆ అమ్మాయికి డిగ్రీ వచ్చింది. ఇప్పుడు వేరే ఊర్లో ఇదే పని చేస్తోంది. యూనివర్సిటీకి ఈమధ్య గీతలను ఉబ్బించే యంత్రం వచ్చింది. మామూలు గ్రాఫులన్నీ దాంట్లోనే తీస్తున్నారు. రెండు చేతులతో చదవాల్సినవి మాత్రం నాకే పంపుతారు.

పోయిన ఎండాకాలం మేడమ్ నన్ను వాళ్ళ ఊరికి తీసుకుపోయారు. పులికాట్ ఒడ్డున చిన్న మిద్దె, వాకిట్లో ఆరేసిన వలలు. వాళ్ళమ్మ రొయ్యల వేపుడు, చేపల పులుసు చేసి ఉంచింది. మేడమ్ స్నానానికి పోయిన తర్వాత ఆ పెద్దామె నా దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

“మా పాప ఏం పని సేస్తాదో నాకు శానాసార్లు సెప్పింది. నాకు ఎక్కలేదు. నువ్వు కుడతావంట గదా, నువ్వు సెప్పమ్మా.”

నాకు తెలిసినంత చెప్పాను. ఢీకొనడం, వేడి, దాంట్లోంచి నడిచి వచ్చే బరువైన కణం. పెద్దామె విసనకర్ర ఆపి వింది. ఎప్పుడు వచ్చారో, తలుపు దగ్గర తడిజుట్టుతో మేడమ్ నిలబడి ఉన్నారు. నేను చెప్పేదంతా అడ్డు రాకుండా విన్నారు. ఆ కరిగినదంతా పొడి మాదిరి, గాలి మాదిరి చెదిరి ఉంటుందని నేను అన్నప్పుడు మాత్రం మాట కలిపారు.

“అది ఒక్కటి తప్పు. గాలి మాదిరి ఉంటాదనే ముందు అందరూ అనుకున్యారు. కాదు. పారతాది.”

“నీళ్ళ మాదిరా?” అంది తల్లి.

“నీళ్ళకన్నా బాగా పారతాదిమా.”

పెద్దామె విసనకర్ర కింద పెట్టింది. “అట్ల సెప్పు మరి. ఇన్నేండ్లు ఆ ఒక్క మాట సెప్పినావా నాకు,” అని లేచి, కూతురి చేయి పట్టుకుని అన్నం ముందు కూర్చోబెట్టింది.